ఆషాఢం సేల్‌లో పెళ్లిచీర

శ్రావణంలో మా పిన్ని కూతురు సుజాత పెళ్లి. ఆషాఢంలో కొన్న పెళ్లిచీరను పిన్ని గడప దాటనివ్వదు. సుజాతేమో స్నేహితురాళ్లతో వెళ్లి బెజవాడ సేల్‌లో చూసొచ్చిన చిలకపచ్చ పట్టుచీర తప్ప ఇంకోటి కట్టనని మొండికేసింది. ఒకప్పుడు ఆషాఢమంటే బట్టల కొట్లవాళ్లు ఈగలు తోలుకునేవారు. ఈ నాలుగైదేళ్లలో ఏం జరిగిందోగాని, ఒకటి కొంటే ఒకటి ఉచితమంటూ మా తిరువూరు బస్టాండు గోడల మీద కూడా కాగితాలు అంటిస్తున్నారు. ఊరికే ఇస్తానంటే నాకు భయం. చివరికి “చూసొద్దాం పదండి” అని పిన్నే అనడం నాకు వింతగా తోచింది.

ముందురోజు మా ఊళ్లో బట్టల కొట్టు రత్నంగారిని అడిగాను. “సేల్ చీరలా? అంతా నిలవ సరుకమ్మా. ఒక్క ఉతుక్కే రంగు దిగిపోద్ది” అన్నాడాయన. సగమే నమ్మాను, ఆయన బేరం ఆయనది కదా.

పొద్దున ఆరున్నర బస్సెక్కితే ఎ.కొండూరు, మైలవరం మీదుగా రెండు గంటల పైనే పట్టింది. టికెట్టు నలభై లోపే. బెజవాడలో దిగగానే ఆటో అతను “సేల్‌కేనా అండీ? ఇంకో మంచి షాపుంది, తీసుకెళ్తా” అన్నాడు. “వాళ్లు నీకెంతిస్తారు?” అన్నాను. నవ్వేసి, మేము చెప్పిన చోటే దింపాడు.

లోపల తిరునాళ్ల జనం. చిలకపచ్చ చీర ఒక్కటే మిగిలి ఉంది. సుజాత దాన్ని గుండెకు హత్తుకుంది. నేను ధర చీటీని గోటితో గీకాను. అడుగున మరో చీటీ. కొట్టేసి చూపించిన పాత ధర ఉత్తిదే, అసలు ధర అంతకన్నా తక్కువ. అయితే ఇప్పుడు అమ్ముతున్నది దానికన్నా కూడా తక్కువకే. సేల్స్ అమ్మాయి “గీకకండి మేడమ్” అంటుంటే నాకు కోపమూ సిగ్గూ రెండూ వచ్చాయి.

పిన్ని మాత్రం చీర ముట్టుకోలేదు. ఎవరికోసమో మెట్ల వైపే చూస్తోంది. సుజాత కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో రెండు చేతులా చీరల కట్టలతో రత్నంగారు మెట్లు దిగాడు. మమ్మల్ని చూసి ఆగిపోయాడు.

“నిలవ సరుకు బాగా దొరికిందా అండీ?” అన్నాను.

పిన్ని నన్ను వారించింది. “రత్నంగారూ, ఆ పచ్చ చీర కూడా మీ కట్టలో వేసుకోండి. శ్రావణం రాగానే మీ కొట్లో కొనుక్కుంటాం. పైన మీ దారి ఖర్చు వేసుకోండి, అంతే.”

“అట్లాగేనమ్మా” అన్నాడాయన తలెత్తకుండా.

తిరుగు బస్సులో అడిగాను. “ఆయన వస్తాడని నీకు ముందే తెలుసా పిన్నీ?”

“ఏటా శ్రావణంలో ఆయన కొట్లోకి కొత్త సరుకు ఎక్కణ్ణించి వస్తందనుకున్నావు? నిన్న నువ్వెళ్లొచ్చాక ఆయన భార్యని అడిగా, బెజవాడ ఎప్పుడెళ్తారని.”

ఆ రోజు నేను షాపును, ఆటో అతన్ని, రత్నంగారిని అనుమానించాను. పక్కనే కూర్చున్న పిన్నిని అనుమానించాలని తట్టనే లేదు. శ్రావణం మొదటి శుక్రవారం ఆమె అదే చీరను తెచ్చి, పసుపు బొట్టు పెట్టి సుజాత చేతిలో పెట్టింది. “ఇదీ మంచి రోజున కొన్న చీరంటే” అని అందరికీ చూపించింది.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. సేల్‌కు ఆదివారం కాకుండా వారం మధ్యలో, షాపు తలుపులు తీసే వేళకే వెళ్లండి. మీ ఊరి కొట్టాయన కూడా అప్పుడే వస్తాడు.