తలుపుకి వేలాడే గొళ్ళేలు

పనీపాటా లేకుండా పరాయివాళ్ళ గుమ్మం ముందు నిలబడి మెడలు సాచేవాళ్ళని ఆ వీధిలో గొళ్ళేలంటారు. బస్సులో ఇద్దరు జుట్లు పట్టుకుంటే కండక్టరు, "గొళ్ళేలన్నీ వెనక్కి జరగండి, కాస్త గాలి ఆడనివ్వండి" అంటాడు. పక్కింట్లో గిన్నె పడ్డ చప్పుడుకి పరిగెత్తే పిల్లని తల్లి, "ఏమే గొళ్ళెమా, ముందు పుస్తకం తియ్యి" అని జడ పట్టుకుని లాక్కొస్తుంది. తాతల నాటి మాటేమో అన్నంత ధీమాగా అనేస్తారు. ఏం కాదు. దాన్ని మొదట అన్నది తాళాల బాబాయి. అనిపించుకున్నవాళ్ళలో పెద్దపీట ఇస్త్రీ పిన్నిది.

వీధి మొదట్లో లాండ్రీ కొట్టు లేదూ, అందులో ఇస్త్రీ చేసే మనిషే పిన్ని. కొట్టు ఆమెది కాదు. వదినది, అంటే మొగుడి అక్కది. మొగుడు లారీ ఎక్కి పోతే మళ్ళీ ఎప్పుడొస్తాడో ఆ లారీకే తెలియాలి. కూతురి చదువు, ఇంటి అద్దె, పొయ్యిలో మంట అన్నీ ఆ ఇస్త్రీ పెట్టె మీదే నడవాలి. చెయ్యి మాత్రం మంచిది. ఆమె చేసిన కాలర్ తల ఎగరేసుకుని నిలబడేది. కాలితోనే వచ్చింది తంటా. వీధిలో ఎవరైనా గట్టిగా తుమ్మితే చాలు, ఆ కాలు కొట్టు మెట్టు దిగిపోయేది.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకే మరదలా?" అనేది వదిన.

"ఊరికే చూసొస్తా వదినా. చూస్తే అరిగిపోతుందా?"

"అది అరగదు. నా బేరం అరుగుతుంది."

చెప్పీ చెప్పీ విసిగి ఒకరోజు తేల్చేసింది. "పెట్టె వదిలి ఇంకొక్కసారి ఆ మెట్టు దిగావా, దిగినదానివి దిగినట్టే పో. మళ్ళీ ఎక్కకు." వదిన మాటంటే గోడలో దిగిన మేకు. గోడ పెచ్చులూడాలి గానీ మేకు రాదు. పిన్నికి ఆ సంగతి తెలుసు. తెలిసి ఏం లాభం?

ఇక తాళాల బాబాయి. పక్క మేడ మెట్ల కింద ఇంత చోటు, అందులో ఒక ఇనప్పెట్టె, నెత్తి మీద గుత్తులు గుత్తులుగా తాళంచెవులు. ఆయనకో పద్ధతుంది. మూసిన ఇల్లు తెరవమని ఎవరొచ్చినా ఒంటరిగా తీసేవాడు కాదు. ఇరుగూ పొరుగూ గుమిగూడేదాకా ఆగేవాడు. గుమిగూడకపోతే తనే దగ్గి, తలుపు మీద నాలుగు దెబ్బలు కొట్టి పిలిపించేవాడు. అందరూ వచ్చాక గొంతెత్తి, "అయ్యా, అమ్మా, ఈ ఇల్లు ఈయనదేనా?" అని అడిగేవాడు. అవునంటేనే తీగ దూర్చేవాడు. "తియ్యడం ఎంతసేపు? ఎవరి తాళం అన్నది తేల్చుకోవడమే పనంతా" అనేవాడు. అందరూ విసుక్కునే జనం ఆయనకి కావాల్సిన జనం. అందుకే వాళ్ళకీ ఆయనంటే ప్రాణం. దర్జాగా నిలబడి చూడటానికి పిలిచే మనిషి ఇంకెక్కడ దొరుకుతాడు?

ఒకరోజు మధ్యాహ్నం పసుపు మేడ పైవాటాలో తలుపు మీద దబదబా చప్పుడైంది. ఆ వాటాలో ఒక నర్సు, ఆమె తమ్ముడు ఉండేవాళ్ళు. తాళంచెవి పోయిందని తమ్ముడు బాబాయిని తీసుకొచ్చాడు. ఇంకేం, మెట్ల నిండా జనం. మోకాళ్ళ మామ్మ వచ్చింది. కాళ్ళు వంగడం లేదని మంచం దిగకుండా కోడలి చేత అన్నీ అందించుకునే మామ్మ, మేడ మెట్లు కోడిపిల్లలా ఎక్కేసింది. ఎదురుగా ఉన్న గోదాము వాచ్‌మన్ గేటు గాలికొదిలి వచ్చాడు. జ్వరమని ఆఫీసుకి చెప్పి ఇంట్లో కూర్చున్న గుమాస్తా లుంగీ ఎగ్గట్టుకుని వచ్చాడు. వదిన బ్యాంకుకి వెళ్ళిందని చూసుకుని పిన్నీ వచ్చింది. వకీలుగారి నల్లకోటు వీపు మీద పెట్టె అలాగే బోర్లించి వచ్చింది.

"ఇల్లు ఈయనదేనా?" అన్నాడు బాబాయి.

"అదేం ప్రశ్న బాబాయ్? నర్సమ్మ తమ్ముడే. రోజూ చూస్తాం. లోపల మంచం ఏ వైపుందో కూడా చెప్పమంటావా?" అంది పిన్ని, అందరికంటే ముందు.

తాళం ఊడి వచ్చింది. కుర్రాడు టీవీ, మిక్సీ, బీరువాలోంచి ఒక మూట, అన్నీ రిపేరుకని కిందికి దింపాడు. టీవీకి ఒక పక్క వాచ్‌మనే చెయ్యి వేశాడు. "జాగ్రత్త బాబూ, అద్దం" అని మామ్మ దారి చూపించింది. బండి కదిలేదాకా నిలబడి చూసి అందరూ చల్లగా ఇళ్ళకి పోయారు.

కొట్టు దగ్గరికి వచ్చేసరికి పిన్నికి పొగ ఎదురొచ్చింది. కోటు వీపున పెట్టె అచ్చు పడి, అందులోంచి బల్ల కనిపిస్తోంది. వదిన వచ్చాక, "పెట్టె దానంతటదే కాగిపోయింది వదినా, లోపల వైరేదో చెడింది" అని నోటికొచ్చింది చెప్పేసింది. వదిన వకీలుకి కొత్త కోటు కుట్టించి ఇస్తానంది. ఆ పెట్టెని అంతకు ముందే బాగుచేసిన కరెంటు పనివాడిని పిలిచి, వాడి పనికి, వాడి చదువుకి, వాడికి పని నేర్పినవాడికి కూడా కలిపి నడివీధిలో తలంటింది. పిన్ని కొత్త పెట్టె వైరు సర్దుతూ కుక్కిన పేనులా ఉండిపోయింది.

సాయంత్రం నర్సు డ్యూటీ నుంచి వచ్చింది. కేక వీధి చివరిదాకా వినిపించింది. ఇంట్లో సామాన్లు ఒక్కొక్కటే అమ్ముకు తింటున్నాడని ఆమె తమ్ముడిని గెంటేసి, కొత్త తాళం వేసుకుందట. మంచం ఏ వైపుందో తెలిసిన వీధికి ఆ ఒక్క సంగతి తెలియలేదు, చూశారా! తమ్ముడి జాడ లేదు. "తాళం పగల్లేదు, తీగ దూర్చి తీసిందే. ఎవరూ లేని వేళ చూసి ఈ తాళాలాయన వాడితో కుమ్మక్కై ఇల్లు తెరిచాడు" అని ఆమె పోలీసుల్ని తీసుకొచ్చింది.

ఎస్సై ఇనప్పెట్టెని బయటికి లాగించాడు. అందులో తీగలు, ఆకురాళ్ళు, సుత్తులు, బాబాయి బతుకంతా ఉంది.

"ఎవరూ లేకపోవడమేంటి సార్? వీధి వీధంతా ఉంది. వీళ్ళనడిగే తీశాను" అన్నాడు బాబాయి.

ఎస్సై జనం వైపు తిరిగాడు. మామ్మ కిటికీలోంచే మూలిగింది. "నేను మంచం దిగి ఎన్నాళ్ళైందో నా కోడలినడుగు నాయనా." కోడలు పక్కనే ఉంది మరి. వాచ్‌మన్, "గేటు వదిలితే ఉద్యోగం పోతుంది సార్, నేను కదల్లేదు" అన్నాడు. అతని యజమాని గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. గుమాస్తా దుప్పటి కప్పుకుని దగ్గాడు. ఎస్సై చూపు కొట్టు మీద పడింది. వదిన పిన్ని పక్కనే నిలబడి ఉంది.

"నువ్వమ్మా?"

"నేను పని మీదున్నాను సార్. తలే ఎత్తలేదు."

అసలు తమాషా చూడటానికి వచ్చేవాళ్ళెవరు? ఆ వేళకి ఇంకెక్కడో ఉండాల్సినవాళ్ళే కదూ. చూశామని చెప్తే, ఎక్కడ లేరో అదీ చెప్పాలి. అందుకే అందరూ తేలు కుట్టిన దొంగలయ్యారు.

బాబాయి ఒక్కొక్కరి మొహం చూశాడు. ఎప్పుడూ మాట తూలని మనిషి, ఆ పూట గొంతు చించుకున్నాడు. "గొళ్ళేలు! గొళ్ళేలర్రా మీరు! తలుపు తెరిచినప్పుడల్లా నేనూ ఉన్నానని ఊగుతారు. తీరా పడాల్సిన వేళకి ఒక్కటీ పడదు. వేలాడటానికే పుట్టారు!"

ఎస్సైకి నవ్వొచ్చింది. కానిస్టేబులు పగలబడి నవ్వాడు. తెల్లారేసరికి మాట టీకొట్టు చేరింది, ఆ వారంలోనే బడికి వెళ్ళింది. మాటకి కాళ్ళొచ్చాయి గానీ బాబాయి పెట్టె మాత్రం స్టేషన్‌లోనే ఉంది. సాక్షి ఒక్కరన్నా లేకపోతే కేసు కట్టక తప్పదన్నాడు ఎస్సై. కేసు పడ్డ తాళాలవాడి చేతికి తాళమెవరిస్తారు? అప్పటికే ఇవ్వడం మానేశారు. ఖాళీ చోట్లో బాబాయి కూర్చుని ఉండేవాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.

పిన్నికి ఎవరు ఎవరిని గొళ్ళెమన్నా తననే అన్నట్టుండేది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, పిల్లలు అరిచినా ఉలిక్కిపడేది. అయినా నోరు పెగల్లేదు. చెప్తే పనిపోతుంది, పనిపోతే పిల్ల ఫీజెవరు కడతారు?

అప్పుడు బాబాయి పెళ్ళాం ఒక చొక్కా పట్టుకుని కొట్టుకొచ్చింది. "అమ్మాయ్, కాస్త బాగా చెయ్యమ్మా. మీ బాబాయి రేపు మిల్లులో బస్తాలు మోసే పనికి అడగడానికెళ్తున్నాడు. నలిగిన చొక్కాతో వెళ్తే ఈ వయసులో ఏం చేస్తాడులే అనుకుంటారు." ఒక్క నిష్ఠూరం లేదు. తిట్టినా బాగుండేది.

పిన్ని చొక్కా చేసింది. కాలర్, చేతులు, జేబు, ఎక్కడా వంక లేకుండా చేసింది. స్విచ్ తీసి వదిన ముందుకెళ్ళి నిలబడింది.

"వదినా, ఆ రోజు నేను మెట్టు దిగాను. ఇల్లు ఆ కుర్రాడిదేనని ముందు అన్నది నేనే. ఇప్పుడు స్టేషన్‌కెళ్తున్నా. అక్కడ చెప్పే ముందు నీకు చెప్పాలని."

వదిన గుండీలు కుడుతోంది. సూది ఆగింది.

"అయితే పెట్టె మంచిదే."

"మంచిదే."

"మరి కరెంటు పనివాడిని నేనన్న మాటలు?"

"నాకు పడాల్సినవి వదినా."

వదిన దారం కొరికి ముడి వేసింది. "వెళ్ళు. చెప్పాల్సిందేదో చెప్పు. తిరిగొచ్చి ఈ మెట్టెక్కకు."

పిన్ని అటు నుంచి అటే మామ్మ కిటికీ దగ్గరికెళ్ళింది. "మామ్మా, నేను పోతున్నా. నా ఒక్కదాని మాట చాలుతుందో లేదో. వస్తావా?"

"నా కాళ్ళు..."

"నీ కాళ్ళ సంగతి నాకు తెలుసు. నా పని పోయింది. నీదేం పోతుంది, మహా అయితే మంచం."

మామ్మ లోపలికి ఒకసారి చూసింది. దిగింది. చెప్పులేసుకుని గడప దాటింది. పొయ్యి దగ్గరున్న కోడలు గరిటె పట్టుకుని గుమ్మంలోకొచ్చి, "అత్తయ్యా! నడుస్తున్నారే!" అంది. "ఆఁ, నడక అదే వచ్చింది, ఏం చేస్తాం" అని మామ్మ వెనక్కి తిరక్కుండా పోయింది. వాచ్‌మన్ రాలేదు. గుమాస్తా తలుపు తియ్యలేదు.

ఇద్దరూ ఉన్నదున్నట్టు చెప్పారు. ఎస్సై నర్సుని పిలిపించి ఎదురుగా మళ్ళీ చెప్పించాడు. నర్సు, "కొత్త తాళం వేసిన రోజే మీలో ఒక్కరికి చెప్పాల్సింది. వాడిని గెంటేశానని తెలిస్తే వీధి నవ్వుతుందని చెప్పలేదు" అని బాబాయి మీద రాసిచ్చింది వెనక్కి తీసుకుంది. పెట్టె మెట్ల కిందికి తిరిగొచ్చింది. బాబాయి అన్ని సుత్తులూ తీసి చూసుకున్నాడు. పిన్నిని చూసి తల ఊపాడు. గొళ్ళెమన్న మాట వెనక్కి తీసుకోలేదు, తీసుకోమని ఆమె కూడా అడగలేదు.

వదిన మాట మేకే. పిన్ని కొట్టుకెళ్ళలేదు. ఇంట్లోనే బల్ల వేసుకుని ఇంటింటికీ తిరిగి బట్టలు అడుక్కొచ్చి చేసింది. ఫీజు ఒకసారి ఆలస్యమైంది. మొగుడొచ్చి అక్కతో మాట్లాడతానంటే, "నువ్వు లారీ చూసుకో" అంది.

అలా ఉండగా ఒక సాయంత్రం వదిన పెద్ద మూట మోసుకొచ్చి గుమ్మంలో పడేసింది. "కాలర్లు ఎవరికీ కుదరడం లేదు. నువ్వు నా కళ్ళెదుట ఉంటే నాకు కోటు గుర్తొస్తుంది. ఇక్కడే చేసి పంపించు."

"సరే వదినా. కూర్చో."

"కూర్చోడానికి రాలేదు" అంటూనే వదిన కూర్చుంది. మంచినీళ్ళు తాగింది. గది నాలుగు మూలలూ చూసింది. లేస్తుందనుకుంటే లేవలేదు.

"ఇంతకీ ఆ రోజు స్టేషన్‌లో ఏం జరిగిందే? ఆ నర్సు ఏడ్చిందటగా? మొదటి నుంచీ చెప్పు."

పిన్ని మూట విప్పి, పైనున్న చొక్కా మీద నీళ్ళు చిలకరించి, మొదలుపెట్టింది.