లిఫ్టు బాబాయ్ చెప్పని సగం కథ

ఆ ఎనిమిదంతస్తుల భవనంలో అందరూ ఆయన్ను లిఫ్టు బాబాయ్ అనేవారు. ఇనుప జాలీ తలుపు ఒంటిచేత్తో లాగి, స్టూలు మీద కూర్చుని, బటన్ నొక్కగానే కథ ఎత్తుకునేవాడు. అడిగినా సరే, అడక్కపోయినా సరే. చిక్కల్లా ఒకటే. కథ మంచి పట్టులో ఉండగా వినేవాళ్ల అంతస్తు వచ్చేసేది. "మిగతాది రేపు చెబుదువుగాని బాబాయ్" అంటూ దిగిపోయేవారు. రేపటికి వాళ్లూ మరిచిపోయేవారు, ఆయనా మరిచిపోయేవాడు.

అందుకని బాబాయ్ ఒక కిటుకు పట్టాడు. కథంతా ఎలాగూ ఎవరికీ గుర్తుండదు, ఒక్క మాట గుర్తుండిపోతే చాలు. ఆ మాట రెండో అంతస్తు దాటకముందే పడిపోవాలి. అలా పుట్టిందే పడవవాడి కథ. పెళ్లివారితో నిండిన పడవ ఏటి నడుమ ఊగిపోతుంటుంది. పెళ్లికొడుకు తండ్రి పడవవాడి మీద ఇంతెత్తున లేస్తాడు. వాడు తొణక్కుండా "పడవ నాది, ఏరు నాది కాదు" అంటాడు. కథ అంతే.

ఆ మాట భవనమంతా పాకింది. కంప్యూటర్లు మొరాయిస్తే గుమాస్తాలు అదే అనేవారు. టీ పలచగా ఉందేమంటే, "గ్లాసులు నావి, పాలు నావి కావు" అనేది టీ తెచ్చే అమ్మాయి. ఒకావిడ ఫోనులో మొగుడికి ఆ మాటే అంటించడం విన్న రోజు బాబాయ్ కాళ్లు నేల మీద నిలవలేదు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, లిఫ్టు నాలుగుకీ ఐదుకీ మధ్య ఆగిపోయింది. లోపల బాబాయ్ కాక ముగ్గురున్నారు: బీమా ఆఫీసు మేనేజరు, కంటి ఆసుపత్రికి బయలుదేరిన ఒక మామ్మగారు, ఆవిడ కోడలు. బాబాయ్ తలుపు దడదడా బాదాడు. "వస్తున్నా, కాస్త ఓపిక పట్టండి!" అని కిందనుంచి మెకానిక్ కేకేశాడు.

మేనేజరుకు ఓపిక లేదు. "ఏమయ్యా, ఎప్పుడు కదులుతుందిది? లిఫ్టు నాది, కరెంటు నాది కాదు అంటావా ఇప్పుడు?"

నిజానికి ఆ మాట బాబాయ్ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పక్కనే మామ్మగారు కోడలి చెయ్యి పట్టుకుని వణుకుతున్నారు. అనడానికి సిగ్గేసి ఊరుకున్నాడు.

"ఏమిటి నాయనా ఆ మాట?" అన్నారు మామ్మగారు. బాబాయ్ కథ చెప్పాడు.

"తర్వాత?"

"అంతేనండి."

"అంతేనేమిటయ్యా! పెళ్లివాళ్లను ఏటి మధ్యలో వదిలేసి చక్కా వచ్చేశావా? ఒడ్డుకు చేర్చు!"

ఇన్నేళ్లుగా వాళ్లను అక్కడే ఉంచేశానని అప్పుడు తట్టింది బాబాయ్‌కి. గొంతు సవరించుకుని మళ్లీ మొదలుపెట్టాడు. పడవవాడికీ లోపల భయమే, చేతిలో తెడ్డు కాస్తా జారిపోయింది అన్నాడు.

"తెడ్డు పోయాక పెళ్లికొడుకు తండ్రి ఊరుకుంటాడా? కడిగేస్తాడు!" మేనేజరు ఆపుకోలేకపోయాడు.

"పెళ్లికూతురికి ఈత వచ్చు. దూకి తెచ్చేస్తుంది" అంది కోడలు.

ఈలోగా మామ్మగారు పెళ్లికొడుకు నాయనమ్మ అయిపోయారు. మేనేజరు వైపు వేలు చూపించి, "ఒరేయ్, తిట్టడానికైనా ఒడ్డు చేరాలిరా!" అన్నారు.

అందరికంటే ముందు పగలబడి నవ్వింది మేనేజరే. టై వదులు చేసుకుని నేలమీద చతికిలబడ్డాడు. అంతలో లిఫ్టు కుదుపుతో కదిలి ఐదో అంతస్తుకు చేరింది. మెకానిక్ పైకొచ్చి తలుపు తీశాడు. ఒక్కరూ దిగలేదు.

"ఒక్క నిమిషం ఆగండి," అంది కోడలు. "ఇంతకీ పెళ్లి అయిందా లేదా?"

వారం తిరక్కుండానే మామ్మగారి మాట భవనమంతా మోగిపోయింది. పడవవాడి మాట వెనకబడింది. బాబాయ్ రెండ్రోజులు కాస్త చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత తనే, "ఇది నా మాట కాదండోయ్, ఒక మామ్మగారిది" అని గొప్పగా చెప్పడం మొదలుపెట్టాడు. కథ కూడా ఒడ్డుదాకా పెరిగింది, పెళ్లిభోజనాలతో సహా. ఎనిమిదో అంతస్తు వస్తేగాని అది పూర్తికాదు. మేనేజరు ఆఫీసు ఆరులో. అయినా రోజూ పైదాకా వెళ్లి, పెళ్లి జరిపించి, మెట్ల మీదుగా దిగివచ్చేవాడు.