టమాటా సంచి, నా చీర కుచ్చిళ్ళు

నిన్న ఐరాల దగ్గర టమాటా తోటలో నా పరువు యెట్ల పోయిందో చెప్తా, టీ తాగతా వినండి!

తిరపతిలో మా ఆఫీసులో రైతులకు చిన్న చిన్న పనిముట్లు చేస్తాం కదా, నేను డిజైనర్ని. టమాటాలు కోసే ఆడోళ్ళు బకెట్లు మోసుకోని వంగి వంగి నడస్తా ఉంటే చూసి నాకు పాపమనిపించింది. రెండు నెలలు కష్టపడి నడుముకు కట్టుకునే సంచి ఒకటి చేసినా. నిండినాక కింద క్లిప్పు లాగితే చాలు, కాయలన్నీ బాక్సులోకి దిగిపోతాయి. రెండు చేతులూ ఫ్రీ! ఆఫీసులో నేనే కట్టుకోని, నిండా కాయలు పోసుకోని, వరండాలో అటూ ఇటూ తిరిగినా. సూపర్! ప్రజెంటేషన్లో మొదటి స్లైడు మీద 'వాళ్ళ కష్టం మన కష్టం' అని పెద్దక్షరాలు. మా సార్ చప్పట్లు గూడా కొట్టినాడు.

నిన్న ట్రయల్. మహిళా సంఘం వాళ్ళకు నచ్చితే యాభై సంచుల ఆర్డరు. పల్లెకు పోతాండాం, పద్ధతిగా ఉండాలని, రోజూ యేసే జీన్స్ మానేసి చీర కట్టుకోని సార్‌తో పాటు పోయినా.

సంఘం లీడరు ఈశ్వరమ్మక్క సంచిని తిప్పి తిప్పి చూసింది. "చీర మీద ఇది నిలుస్తాదా మేడమ్?" అనింది.

"ఎందుకు నిలవదక్కా? నువ్వే చూడు!" అని బెల్టు బిగించి సాల్లోకి దిగినా.

సగం సాలు దాకా బాగానే ఉండాది. సంచి బరువెక్కే కొద్దీ బెల్టు కిందికి జారతాంది. బెల్టు ఒకటే పోతే బాగుండు, కుచ్చిళ్ళను గూడా తోడు తీసుకోని పోతాంది! నాకేమో రెండు చేతుల్లో టమాటాలు. "అయ్యో అయ్యో" అని అవి పారేసి పట్టుకోబోతే, చెయ్యి తగిలి క్లిప్పు ఊడింది. కాయలన్నీ దబదబా నా కాళ్ళ మీద!

సార్ పాపం, గబుక్కున అటు తిరిగి కొండను చూడబట్టినాడు. ఆడోళ్ళంతా పరిగెత్తుకోని వచ్చి, తువ్వాళ్ళు అడ్డం పట్టుకోని నిలబడినారు. నవ్వు ఆపుకోలేక ఒకామె మట్టిలోనే కూలబడింది. నాకూ నవ్వే!

నా కుచ్చిళ్ళు దోపి ఈశ్వరమ్మక్క అనింది: "ప్యాంటుకైతే బరువు ఆగతాది గానీ చీరకు ఆగతాదా మేడమ్? నడుం మీద కాదు, భుజం మీద పెట్టల్ల."

నా నడుం మీది బెల్టు ఊడదీసి, తన చీర మీద యేసుకున్న మగోళ్ళ చొక్కా పైన, రెండు భుజాల మీదుగా తిప్పి సంచి కట్టుకునింది. సాలంతా చకచకా కోసుకోని వచ్చి, బాక్సు పైన క్లిప్పు లాగి, "ఇప్పుడు బాగుండాది" అనింది. రెండు నెలల నా డిజైను రెండు నిమిషాల్లో బాగుపడింది! సార్ ఆడనే యాభైకి ఆర్డరు రాసుకున్నాడు.

ఈ పొద్దున సంఘం నుంచి ఆఫీసుకు ఫోను. రిసెప్షన్లో పాప అందరికీ వినపడేటట్టు అరిచింది: "ఎవరో 'చీర జారిన మేడమ్ ఉండాదా' అని అడగతాండారు! అట్లాంటోళ్ళు మన ఆఫీసులో ఉండారా?"

ఏం చేసేదప్పా! చెయ్యెత్తినా.