మచ్చ పడని గుడ్డ

నా చిన్నప్పుడు మా అబ్బ, అంటే మా నాయనకు నాయన, నంద్యాల నుంచి ఊరూరూ తిరిగి పరుపుల దూది ఏకేవాడు. ఓసారి ఆళ్లగడ్డలో ఒక పెళ్లింటికి నన్నూ వెంటబెట్టుకొని పోయాడు. పని మొదలుపెట్టే ముందు తన మూతికీ ముక్కుకూ తెల్లగుడ్డ కట్టుకొని, నాకూ ఒకటి కట్టాడు. ఆ ఇంటి ఆడపిల్లలు దొంగపిల్ల వచ్చిందని నవ్వారు. నాకు సిగ్గేసింది. అబ్బ చూస్తే గుడ్డ ముక్కు మీదికి, అటు తిరిగితే గడ్డం కిందికి. నా అంత తెలివైంది లేదనుకున్నాను.

సాయంత్రం అబ్బ తిట్టలేదు. రెండు గుడ్డలూ అరుగు మీద పక్కపక్కన పరిచాడు. ఆయనది దూది ధూళితో మాసిపోయింది. నాది ఉతికి ఆరేసినట్టుంది.

"నా దుమ్ము ఈడుంది. నీ దుమ్ము యాడికి పాయ పాపా?" అన్నాడు. జవాబుగా నాకు దగ్గొచ్చింది.

కరోనా ఏళ్లలో ఆ మాట రోజూ గుర్తొచ్చేది. మన జనం ఎంత ఘనులంటే, మాస్కును పోలీసుకు చూపించే లైసెన్సు అనుకున్నారు. పోలీసు కనబడితే ముక్కు మీదికి, మలుపు తిరిగితే గడ్డం కిందికి. పదేళ్ల పిల్లగా నాకున్న తెలివే ఊరంతటికీ. అయినా బళ్లు మూసి, గుంపులు తగ్గి, ఆ అరకొర జాగ్రత్తలకే నా మనవడు ఆ చలికాలంలో ఆసుపత్రి మెట్లెక్కలేదు. పుట్టినప్పటి నుంచీ వాడికి ఆయాసం, ఏటా నంద్యాల ఆసుపత్రిలో చేర్చాల్సిందే. ఆ ఏడు దగ్గుతో చేరే పిల్లలే తగ్గారని అక్కడి నర్సమ్మ చెప్పింది. ఇంత కళ్లారా చూసిన మహానుభావులు, ఆంక్షలు ఎత్తేయగానే మాస్కులు కాలువలో పారేసి పీడ వదిలిందన్నారు.

మొన్న చలికాలంలో మళ్లీ ఆళ్లగడ్డలోనే పెళ్లి. మనవడికి మాస్కు కట్టి తీసుకుపోయాను. జలుబుతో చీదుతున్న మా మరిది వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు.

"ఇంగా ఏం కరోనా వదినా? పిల్లోనికి ఊపిరాడకుండా చేస్తాండావ్" అన్నాడు.

అందరూ నవ్వారు. ఆ పనికిమాలిన నవ్వులకు, అంత పాఠం నేర్చిన నేను, సిగ్గుపడి వాడి మాస్కు విప్పాను.

నాలుగో రోజుకు వాడు ఆసుపత్రిలో ఉన్నాడు, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో. మంచానికి ఇద్దరు పిల్లలు. పరామర్శకు మా మరిది బత్తాయిలు తెచ్చాడు, ఇంకా దగ్గుతూనే. మరిదిని చూస్తే రోత పుట్టింది. నన్ను చూసుకుంటే ఇంకా ఎక్కువ.

మనవడు కోలుకొని ఇంటికొచ్చాడు. ఆనాడు విప్పిన మాస్కు మాత్రం ఇంకా నా సంచిలోనే ఉంది, మచ్చ లేకుండా తెల్లగా. ఎవరైనా నవ్వితే దాన్ని తీసి చూసుకుంటాను. నా దుమ్ము యాడికి పోయిందో ఇప్పుడు అబ్బకు చెప్పగలను. నా మనవడి రొమ్ములోకి పోయింది.