తడిక వెనక మా పాకలు

మా అత్త కాపురానికి వచ్చిన ఇల్లు గుణుపురం పక్కన ఒక చిన్న పల్లెలో ఉండేది. ఆమె వచ్చిన కొత్తలో ఆ ఊరు మద్రాసు సర్కారు కింద ఉండేది. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు, ఇల్లు ఉన్నచోటే ఉండి, కటకం సర్కారు కిందికి వెళ్లింది. తర్వాత దొరలు పోయారు, ఢిల్లీ సర్కారు వచ్చింది. ఎవరు వచ్చినా ఒక్క కేక మాత్రం మారలేదని అత్త చెప్పేది. ఆఫీసరు వస్తున్నాడు, ఇంటికొకరు రోడ్డు పనికి రండి అన్న కేక అది. కూలి ఉండదు. అది వెట్టి.

"ఏటి సేసీవారు అత్తా?" అని, అప్పటికి కొత్తకోడలినైన నేను అడిగాను.

"ఏటి సేత్తాం? సిత్తం బాబూ అని దణ్ణమెట్టీవోళ్లం. తెల్లారి ఊరంతా అడ్డాకులకి కొండెక్కీసీవోళ్లం. ఆడొచ్చి సూస్తే ఊళ్లో కుక్కలు తప్ప ఎవుళ్లూ ఉండీవోరు కారు."

నాది వేరే పెంపకం. మా నాన్న మునిగుడలో రైలు పట్టాల మీద గ్యాంగు మనిషి. పట్టా విరిగితే ఎర్రజెండా పట్టుకుని నిలబడేవాడు. రైల్లో ఎవరున్నా సరే, బండి ఆగాల్సిందే. సర్కారంటే నాన్న భయపడటం నేను చూడలేదు. తనతో పాటు నేనూ సర్కారు మనిషినే అన్నట్టు నాతో మాట్లాడేవాడు. నన్ను ఒడియా బడికి కూడా కొన్నాళ్లు పంపాడు.

మా కౌలు పొలం చెయ్యి జారిపోయాక నేను, నా భర్త, అత్త రాయగడ వచ్చేశాం. అప్పుడక్కడ కాగితాల మిల్లు లేస్తోంది. నా భర్త ఇనప దూలాలు ఎత్తే ఖలాసీ. నేను విదేశాల నుంచి వచ్చిన మెకానిక్కులు ఉండే బంగళాలో అంట్లు తోమేదాన్ని. పనివాళ్లందరం రోడ్డుకీ ఏటికీ మధ్య ఖాళీ జాగాలో పాకలు వేసుకున్నాం.

ఒకరోజు ఒక ఆఫీసరు జీపులో వచ్చాడు. మంత్రిగారు ఆ దారిన వెళ్తారనీ, ఆ లోపల పాకలు తీసేయాలనీ చెప్పాడు. అత్త ముందుకెళ్లి వంగి దణ్ణం పెట్టింది. "సిత్తం బాబూ" అంది. జీపు వెళ్లగానే లోపలికి వచ్చి చేపలు కడగడానికి కూర్చుంది.

మర్నాడు బంగళాలో ఆ సంగతి వంటాయనతో చెప్పాను. ఆయనది బొబ్బిలి వైపు, ఇంగ్లీషు వచ్చు. అక్కడ టీ తాగుతున్న జర్మనీ దొర ఏమిటని అడిగితే ఆయన చెప్పాడు. దొర కప్పు కింద పెట్టి ఏదో అన్నాడు.

"మీరెందుకు ఆఫీసుకెల్లి అడగలేదు అంటన్నాడు దొర. ఆళ్ల దేశంలో మనిసి లోపలికెల్లి, కుర్సీలో కూకుని, అడిగొస్తాడంట. ఆఫీసోడు జవాబు సెప్పాలంట."

"జవాబు సెప్పకపోతే?" అన్నాను.

వంటాయన అడిగాడు. దొరకు ప్రశ్న అర్థం కానట్టుంది. అక్కడ ఇల్లు ఖాళీ చెయ్యమని కాగితం వస్తే మనుషులు గడువుకి ముందే సామాను సర్దుకుంటారని మాత్రం చెప్పాడు.

నాకు నాన్న గుర్తొచ్చాడు. ఆ మధ్యాహ్నమే ఆ ఆఫీసరు ఉండే క్యాంపు ఆఫీసుకి వెళ్లాను. వరండాలో కుర్చీ ఖాళీగా ఉంది. కూర్చున్నాను. చీర కుచ్చెళ్లు సర్దుకున్నాను.

గుమస్తా బయటికి వచ్చి ఒడియాలో లేలే అన్నాడు. అది బాబులు కూర్చునే కుర్చీ అన్నాడు. నేనూ ఒడియాలోనే, మొన్న నేనూ ఓటు వేశాను, అడగాల్సింది అడిగి లేస్తాను అన్నాను. ఈ గొడవకి ఆఫీసరు గుమ్మంలోకి వచ్చాడు.

"నా ముందు కూర్చుంటావా?" అన్నాడు.

"నిలబడితే మాట వినకుండానే పంపేస్తారు."

"ఆ పాకలు చూడ్డానికి అసహ్యంగా ఉన్నాయి. మంత్రిగారు చూడకూడదు."

"చూడ్డానికి బాగుండాలంటే కుళాయి వేయించండి. తాగే నీళ్లకి మేం రోడ్డు దాటి ఊటబావికి వెళ్తున్నాం."

ఆయన నా భర్త ఎక్కడ పని చేస్తాడో అడిగాడు. దాచాల్సిన పనేముందని చెప్పాను. అప్పుడు లేచి వచ్చేశాను.

ఇంట్లో అత్త నన్ను దులిపేసింది. "కుర్సీలో కూకున్నావా? మా ఆయన ఊరికి పెద్ద, ఆయనే ఎప్పుడూ కూకోనేదు. ఓ దణ్ణమెట్టీసి వచ్చీయొచ్చు కాదేటమ్మీ? సేతులు మనవే కదా, అరిగిపోతాయేటి?"

"దణ్ణమెడితే ఆడు నిజంగానే దేవుడనుకుంటాడు అత్తా."

"అనుకోనీ. మద్రాసోడు లెగమన్నాడు, దణ్ణమెట్టేను. కటకపోడు లెగమన్నాడు, దణ్ణమెట్టేను. ఆళ్లంతా ఎల్లిపోయేరు. నానున్నాను."

నా భర్త మధ్యలో కూర్చుని అన్నం కెలుకుతున్నాడు. "మీరిద్దరూ గెలుస్తారు. పోయేది నా పని," అన్నాడు. అన్నాడే గానీ నన్ను వెళ్లి క్షమాపణ అడగమని మాత్రం అనలేదు.

పాకలు పీకడానికి గునపాలతో కూలీలు వచ్చిన పొద్దున ఆడవాళ్లమంతా పొయ్యిలు వెలిగించి కూర్చున్నాం. మగవాళ్లు పనికి వెళ్లిపోయారు. అత్త ఆఫీసరుకి దణ్ణం పెట్టింది, కూలీలకీ పెట్టింది. "అంబలి కాసున్నాది నాయనా. కుండలోది పారబోసుకోలేం కదా. తాగీసి పీకండి," అంది. వచ్చినవాళ్లూ మాలాంటి పాకల్లో ఉండేవాళ్లే. గునపాలు పక్కన పెట్టి అంబలి తాగారు. తాగినవాళ్లెవరూ మళ్లీ గునపం పట్టుకోలేదు. ఆఫీసరు అరిచాడు. వాళ్లు తలలు దించుకుని, విన్నట్టే నిలబడి, ఒక్కొక్కరే జారుకున్నారు.

ఆయన నా వైపు తిరిగి, నువ్వు చేతులు జోడించవా అన్నాడు. నేను తల దించకుండా, ఛాతీ మీద చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆ క్షణం నాకు భయం లేదని చెప్పలేను. కాని ఆ మనిషి నా చేతులకేసి చూస్తున్నంతసేపూ అవి విప్పకూడదనిపించింది.

చివరికి పాకలు పీకలేక వాటిని దాచేశారు. రోడ్డు పొడవునా మనిషెత్తు వెదురు తడికలు నిలబెట్టారు. మాకు రోడ్డు కనబడదు, రోడ్డుకి మేం కనబడం. రోడ్డవతల ఊటబావికి వెళ్లే దారి కూడా మూసుకుపోయింది. తాగే నీళ్లకి చాలా దూరం చుట్టూ తిరగాల్సి వచ్చింది.

మంత్రి వచ్చే రోజు పొద్దున్నే కొడవలి తీసుకుని మా పాకకి ఎదురుగా తడికను గుమ్మమంత కోశాను. కట్లు కొయ్యడానికి మా వరస ఆడవాళ్లు ఇద్దరు చెయ్యి వేశారు. బిందెలు చంకన పెట్టుకుని నీళ్లకి బయల్దేరుతుంటే కార్లు వచ్చాయి. మేం పరిగెత్తలేదు. కోసిన చోటే నిలబడ్డాం.

ముందు కారులోని మనిషి, మంత్రే కాబోలు, మేం స్వాగతం చెప్పడానికి వచ్చామనుకున్నాడేమో, నవ్వుతూ చేతులు జోడించాడు. అత్త బిందె దించి అంత చక్కగానూ తిరిగి దణ్ణం పెట్టింది. నేను పెట్టలేదు. నా చంకలో ఖాళీ బిందె ఉంది, దాన్నే పైకెత్తి చూపించాను. అతను చూశాడో లేదో. వెనక జీపులో ఆఫీసరు మాత్రం చూశాడు.

వారం తిరక్కుండా నా భర్తని పనిలోంచి తీసేశారు. కారణం ఎవరూ చెప్పలేదు. ఇంకో కాంట్రాక్టరు దగ్గర పని దొరికేదాకా నా అంట్ల పని, అత్త కుట్టే అడ్డాకుల విస్తళ్లే మాకు దిక్కు. ఆ రోజుల్లో నా భర్త నాతో పెద్దగా మాట్లాడలేదు. ఒకసారి మాత్రం, "బిందె పైకెత్తేవంట. నాను సూడలేకపోయేను," అన్నాడు. అతను తిట్టాడో మెచ్చుకున్నాడో అప్పుడు అర్థం కాలేదు. తర్వాత ఎన్నోసార్లు వేరేవాళ్లకి ఆ సంగతి అతనే చెప్పుకోవడం విన్నాను.

బంగళాలో జర్మనీ దొర మా అత్త గురించి అడిగాడు. దణ్ణం పెట్టి కదలకుండా కూర్చుందని వంటాయన చెబితే నవ్వలేదు. నెమ్మదిగా ఏదో చెప్పాడు.

"దొర కుర్రతనంలో, యుద్ధం రోజుల్లో, ఆళ్ల ఈదిలో ఏరే మతమోళ్లు కొందరికి ఎల్లిపొమ్మని కాగితాలొచ్చేయంట. ఆళ్లు సామాను సర్దుకుని ఎల్లిపోయేరంట. దొరా, ఆళ్లమ్మా కిటికీ తెర సాటునుంచి సూసేరంట. సర్కారు సెప్పింది కదా అనుకున్నారంట."

"ఎక్కడికెల్లిపోయేరు?" అన్నాను.

వంటాయన అడిగాడు. దొర తను తాగిన కప్పు తనే కడిగి వెళ్లిపోయాడు.

తడికలు తీసుకుపోవడానికి మనుషులు వచ్చేసరికి అవి మా పాకల గోడలైపోయాయి. అత్త వాళ్లకి దణ్ణం పెట్టి, సర్కారు మాకిచ్చిందని చెప్పింది. ఆ వానాకాలం మా ఇంట్లోకి జల్లు కొట్టలేదు.

చేతులు జోడించే విషయంలో అత్తా నేనూ చివరిదాకా ఒక మాట మీదికి రాలేదు. ఆమెది ఆమెదే, నాది నాదే. మమ్మల్ని లేపడానికి ఆ తర్వాత కూడా మనుషులు వచ్చారు, వెళ్లారు. రాయగడలో సొంతంగా రెండు గదులు వేసుకున్నాకే ఆ జాగా వదిలాం, మాకు వీలు కుదిరినప్పుడు, మేం అనుకున్న రోజున.