ఫర్హానా వెంటపడ్డ ఏలియా

లాల్ అహ్మద్ గారి కూతురు ఫర్హానా వెంట ఏలియా అనేవాడు పడ్డాడని గుంటూరు బ్రాడీపేటలో ఇప్పటికీ అనుకునేవాళ్ళున్నారు. శుద్ధ అబద్ధం. ఆ పేరుగలవాడు ఆ అమ్మాయి కంట పడిందే లేదు. వెంటపడ్డదానికి పేరే కాదు, కళ్ళు కూడా లేవు.

ఫర్హానా డిగ్రీ అయ్యాక కంప్యూటర్లు విప్పడం, బిగించడం నేర్చుకుంది. రెండువేల మూడులో ఓ క్లినిక్ పైగది అద్దెకు తీసుకుని, పాత కంప్యూటర్లు బాగుచేసి ఆటల సెంటర్ పెట్టింది. కోచింగ్ వదిలితే పిల్లల పరుగు అక్కడికే.

ఒకనాడు పెరట్లో నిలబడి ఫోన్లో స్నేహితురాలితో, "ఆ ఏలియన్‌గాడు నన్ను వదలడం లేదే. ఎక్కడ దాక్కున్నా వచ్చేస్తున్నాడు. ఇవాళ వాడో నేనో తేలిపోవాలి," అంది. గోడ అవతల బట్టలారేస్తున్న హనుమాయమ్మ చెవిలో ఏలియన్ కాస్తా ఏలియా అయ్యాడు. ఊళ్ళో ఏలియాలకు కొదవా? సాయంత్రానికల్లా ఆ మాట మిర్చి యార్డులో కాటా దగ్గరున్న లాల్ అహ్మద్‌కు చేరింది.

"ఆ గదికి తాళం వేసి పిల్లను ఇంటికి తీసుకురా. ఆడింది చాలు," అన్నాడాయన భార్య నసీమున్నీసాతో.

మర్నాడు నసీమున్నీసా తాళం పట్టుకుని బయల్దేరింది. "నేనుంటే నీకు ధైర్యం వదినా," అంటూ హనుమాయమ్మా కదిలింది. ఆ ఏలియా ఎలా ఉంటాడో చూడందే ఆవిడకు అన్నం సయించదు మరి.

మెట్లెక్కుతుంటే పైన చప్పుడు లేదు. పిల్లలున్నచోట అంత నిశ్శబ్దమేమిటని నసీమున్నీసా మిగతా మెట్లు గబగబా ఎక్కింది. తలుపు తోసింది. కిటికీలకు దుప్పట్లు కట్టి ఉన్నాయి. పిల్లలంతా ఒకే తెర ముందు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. మధ్యలో మౌస్ పట్టుకుని ఫర్హానా.

"ఏడమ్మా వాడు?" అంది హనుమాయమ్మ.

"ష్. చప్పుడు వింటే వచ్చేస్తాడు మామ్మగారూ," అన్నాడొకడు.

తెరమీద పొడుగాటి చీకటి నడవ. దాని పైకప్పు మీద ఏదో తలకిందులుగా నడిచొస్తోంది. తడిసిన పొగాకులా నల్లగా నిగనిగలాడే ఒళ్ళు. దగ్గరికొచ్చి ఆగింది. పత్తికాయ పగిలినట్టు దాని తల నాలుగు పాయలుగా విచ్చుకుంది. లోపల తెల్లగా, వరసలు వరసలుగా పళ్ళు. అల్లా సృష్టిలో లేనిదాన్ని ఏ మనిషి తలచాడో, ఏ చేత్తో దానికి నడక నేర్పాడో! చూపు తిప్పుకుందామన్నా నసీమున్నీసాకు చేతకాలేదు.

"ఎంత అందంగా ఉందే, ముదనష్టపుది," అని గొణిగింది హనుమాయమ్మ, నసీమున్నీసా చెయ్యి గట్టిగా పట్టుకుని.

ఇంట్లో బల్లి కనిపిస్తే మంచమెక్కే ఫర్హానా రెప్ప కూడా వెయ్యలేదు. అంతలో తెరంతా ఎర్రబడింది. పిల్లలు ఉసూరుమన్నారు.

"అక్కని చంపేశాడు. వాడే ఏలియన్, వేరే గ్రహంవాడు," అన్నాడు ఇందాకటి పిల్లవాడు.

"అయితే మన గుంటూరువాడు కాదన్నమాట," అంది హనుమాయమ్మ కాస్త నిరాశగా.

పిల్లల్ని బయటికి పంపాక నసీమున్నీసా తాళం చూపించింది. "మీ నాన్న ఇది వేసి రమ్మన్నాడు. నిజం చెప్పు. దాన్ని చూస్తే నీకు భయం లేదా? మరెందుకే మళ్ళీ మళ్ళీ దాని నోట్లోకి పోతావు?"

"భయమేనమ్మా," అంది ఫర్హానా. "కానీ అది నన్ను చంపేసినా ఇంటికి పొమ్మనదు. మళ్ళీ ఆడతావా అని అడుగుతుంది."