గాజు ముక్కల నెమలి

మొన్న కోదాడలో ఒక దుకాణంలో గోడకు తగిలించే నెమలి బొమ్మ చూశాను. నల్ల మఖమల్ గుడ్డ మీద మెడ దారంతో కుట్టి, తోకకు గాజు ముక్కలు అంటించారు. బడి కోసం మీరూ చేసే ఉంటారు.

మా సూర్యాపేట ఇంట్లో నేను ఆ తోక కోసం అమ్మ కొత్త పచ్చగాజులు పగలగొట్టాను. నాయనమ్మ చూసింది.

"ముత్తైదువ గాజులు పగలగొడ్తవానే? మీ నాయన లారీ మీద పోయిండు, యాదున్నదా?"

మిర్యాలగూడ బియ్యం వేసుకుని పోయిన నాయన ఆ రోజే రావాలి. వాకిట్లో కూర్చున్నాను.

పొద్దుగూకే వేళకు లారీ వచ్చి ఆగింది. నాయనమ్మ చెప్పిందంతా విని నాయన బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తోక సగమే అయింది గదనే. గాజులు సాలలేదా?"

అప్పుడొచ్చింది నాకు ఏడుపు.